పొడి చేసిన కేకుకు పుల్ల గుచ్చిన కథ

చక్కగా పొంగిన కేకును చేతులారా నలిపి పొడి చేయడానికి ఏ వంటింట్లోనూ మనసొప్పదు. గంటసేపు పొయ్యి దగ్గర కాపలా కాసి, మధ్యలో మూత తీస్తే ఎక్కడ కుంగిపోతుందోనని ఊపిరి బిగబట్టి, చివరికి దింపినదాన్ని నలిపేస్తామంటే పెద్దవాళ్లు తిట్టిపోస్తారు. కేక్ పాప్ మాత్రం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ముందు కేకు కాల్చాలి. తర్వాత దాన్ని పాడు చేయాలి. పాడు చేసినదాన్ని తీపి క్రీముతో కలిపి ఉండలు కట్టి, ఒక్కో ఉండకు పుల్ల గుచ్చి, కరిగిన చాక్లెట్‌లో ముంచి తీయాలి. ఇంత తిరుగుడు వంట ఎవరికి తోచిందా అని వెతికితే కథ అమెరికాలో మొదలైనట్టు కనిపిస్తుంది గానీ, కొంచెం లోతుకు పోతే అందులో సగం మన వంటిళ్లలోనే దొరుకుతుంది.

అమెరికా సగం ముందు చూద్దాం. జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా ప్రాంతానికి చెందిన ఏంజీ డడ్లీ 2007 నుంచి బేకరెల్లా అనే పేరుతో తన వంటల ఫోటోలు, తయారీ పద్ధతులు ఇంటర్నెట్‌లో పెట్టేది. కేకు పొడిని క్రీముతో కలిపి ఉండలు కట్టి చాక్లెట్‌లో ముంచడం అప్పటికే అమెరికా దక్షిణాది ఇళ్లలో ఉంది. కేక్ బాల్స్ అనేవాళ్లు. ఎర్రటి రెడ్ వెల్వెట్ కేకుతో చేసినవి ప్రత్యేకం. డడ్లీ వాటికి కాగితపు పుల్ల గుచ్చింది. గుండ్రటి ఉండతో ఆగకుండా చిన్న కప్‌కేకులాగా, కోడిపిల్లలాగా, ఎలుగుబంటిలాగా మలిచి కళ్లూ ముక్కూ దిద్దింది. 2008లో మార్తా స్టీవర్ట్ టీవీ కార్యక్రమానికి పిలుపు వచ్చింది. 2010లో కేక్ పాప్స్ అనే పుస్తకం వచ్చి విపరీతంగా అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది, అంటే 2011లో, స్టార్‌బక్స్ కాఫీ దుకాణాలు అమెరికాలో కేక్ పాప్‌లు అమ్మడం మొదలుపెట్టాయి. ఒక ఇంటి వంటింట్లో పుట్టిన వస్తువు మూడు నాలుగేళ్లలో అంత పెద్ద కంపెనీ అద్దాల అరలోకి ఎక్కింది. అక్కడ స్థిరపడ్డ మన తెలుగు పిల్లలు చాలామందికి మొదటి కేక్ పాప్ రుచి తెలిసింది ఆ అరల దగ్గరే.

డడ్లీ చెప్పిన లెక్క నిజానికి చాలా మామూలు లెక్క. ఒక కేక్ మిక్స్ పెట్టెతో చేసిన కేకు మొత్తం పొడి చేయాలి. దుకాణంలో దొరికే క్రీము డబ్బాలో ముప్పావు వంతు కలపాలి. అంగుళమున్నర ఉండలు కడితే 45 నుంచి 50 దాకా వస్తాయి. ఇందులో కొత్తగా కనిపెట్టిన పదార్థం ఒక్కటీ లేదు. కేక్ మిక్స్ కొన్నదే, క్రీము కొన్నదే, పైపూత కొన్నదే. ఆమె కనిపెట్టింది వీటన్నిటినీ కలిపి ఒక బొమ్మగా నిలబెట్టడం. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. వంటలో కొత్త పదార్థం పుట్టడం అరుదు, పాతవి కొత్తగా కలవడమే ఎక్కువ.

ఆ పాతవి ఎక్కడివో చూడాలి. బేకరీ అనేది మొదలైన ప్రతిచోటా తెగని సమస్య ఒకటుంది: సాయంత్రానికి మిగిలిపోయిన కేకులు, అంచులు కోయగా రాలిన ముక్కలు. పారేస్తే నష్టం, రేపటికి ఉంచితే ఎండిపోతాయి. డెన్మార్క్ బేకరీలవాళ్లు వాటిని నలిపి, కోకో, జామ్, రమ్ము వాసన కలిపి, పిడికెడు ఉండలు చేసి అమ్మారు. అవే రమ్ బాల్స్. స్వీడన్‌లో ఇలాంటి మిఠాయికే ఇంకో రూపం ఉంది. ఆకుపచ్చ బాదం పూత చుట్టి, రెండు కొసలూ చాక్లెట్‌లో ముంచిన చిన్న గొట్టం అది. దానికి జనం పెట్టిన పేరు వాక్యూమ్ క్లీనర్! రాత్రి కొట్టు కట్టేముందు నేలమీద రాలిన పొడంతా ఊడ్చి ఇందులో కూరతారని వేళాకోళం. మన దేశంలోనూ కలకత్తా పార్క్ స్ట్రీట్‌లో 1927లో పెట్టిన ఫ్లరీస్ దుకాణం రమ్ బాల్స్‌కు పేరుమోసింది. అంటే కేకు పొడిని ఉండ కట్టడమనే ఆలోచన డడ్లీకి చాలా ముందే బేకరీల వెనకగదుల్లో తిరుగుతోంది. కాకపోతే అది పొదుపు కోసం చేసిన పని, అందుకే ఎవరూ దాని గురించి గొప్పగా చెప్పుకోలేదు.

ఇక్కడ మన సగం వస్తుంది. కాల్చినదాన్ని నలిపి తీపి కలిపి మళ్లీ ఉండ కట్టడం తెలుగువాళ్లకు కొత్తా? తెలంగాణలో సద్దుల బతుకమ్మ రోజు చేసే మలీద ముద్దలు గుర్తు చేసుకోండి. రొట్టెలు కాల్చి, వేడిమీదే చిదిమి, బెల్లమూ నెయ్యీ వేసి చేత్తో మర్దించి ముద్దలు కడతారు. పీర్ల పండగకు మలీద చేసి పంచడం తెలంగాణలోనూ రాయలసీమలోనూ మతంతో పనిలేకుండా సాగే ఆనవాయితీ. రాజస్థాన్‌లో చుర్మా లడ్డూ అన్నా ఇదే దారి. పిండిని నేరుగా ఉండ కట్టకుండా, ముందు రొట్టెగా కాల్చి తర్వాత పొడి చేయడం ఎందుకు? కాలినప్పుడు పచ్చివాసన పోతుంది, కమ్మదనం వస్తుంది, నలిపినప్పుడు ఆ పొడి నెయ్యినీ తీపినీ లోపలికి పీల్చుకుంటుంది. కేక్ పాప్ లోపలి రహస్యం కూడా అంతే. కేకులో గాలి గదులుంటాయి. నలిపితే అవి చెదిరిపోయి, ఆ స్థానంలో క్రీములోని కొవ్వూ చక్కెరా చేరతాయి. అందుకే కేక్ పాప్ కొరికితే స్పాంజి కేకులాగా తేలిగ్గా ఉండదు, సున్నుండకు దగ్గరగా చిక్కగా ఉంటుంది. అమెరికా రుచి అనుకుని మొదటిసారి తిన్న మనవాళ్లకు ఇదేదో తెలిసిన రుచే అనిపించడానికి కారణం అదే.

పైపూత సంగతీ అలాంటిదే. పూర్ణాలు చేసేవాళ్లనడగండి. శనగపప్పూ బెల్లమూ ఉడికించి రుబ్బి ఉండలు కట్టి, మినప్పిండి జారులో ముంచి నూనెలో వదులుతారు. జారు పలచనైతే పూత ఉండకు పట్టదు, పూర్ణం బయటికొచ్చి నూనె పాడవుతుంది. చిక్కనైతే పిండి మందమై తీపి లోపలెక్కడో దాక్కుంటుంది. ఉండ తడిగా ఉన్నా తంటానే. చాక్లెట్ పూతకూ ఈ నియమాలన్నీ వర్తిస్తాయి, పొయ్యి మీద వేయించడం ఒక్కటే లేదు.

మనదగ్గర లేనిది పుల్ల. కాదు, అదీ ఉంది. పుల్ల ఐస్ తినకుండా పెరిగిన పల్లె బాల్యం ఉంటుందా? సైకిల్ వెనక పెట్టెలో ఎర్రటి, పచ్చటి పుల్ల ఐసు తెచ్చే మనిషి గంట కొడితే ఎండలో పరుగెత్తినవాళ్లమే అందరమూ. కాకపోతే పుల్లకు తీపి తగిలించాలన్న ఆలోచన మాత్రం బయటినుంచి వచ్చింది. ఆ కథల్లో ఫ్రాంక్ ఎపర్సన్‌ది నాకు బాగా నచ్చుతుంది. 1905లో కాలిఫోర్నియాలో పదకొండేళ్ల ఆ కుర్రాడు సోడా పొడి నీళ్లలో కలిపి, కలిపిన పుల్ల అందులోనే ఉంచి గ్లాసు వరండాలో మరిచిపోయాడట. ఆ రాత్రి బాగా చలి వేసింది. తెల్లారేసరికి పుల్లతో సహా గడ్డకట్టింది. పెద్దయ్యాక 1924లో దానికి పేటెంటు సంపాదించాడు. అంతకు ముందే, 1908లో, కనెక్టికట్‌లోని న్యూహేవెన్‌లో జార్జ్ స్మిత్ గట్టి మిఠాయికి పుల్ల గుచ్చి లాలీపాప్ అని అమ్మాడు. ఆ పేరు ఒక పందెపు గుర్రానిదని చెబుతారు. 1958లో స్పెయిన్‌లో ఎన్రిక్ బెర్నాట్ చుపా చుప్స్ తెచ్చినప్పుడు చూపిన కారణం ఇంకా సూటిగా ఉంటుంది: పిల్లలు మిఠాయిని నోట్లోంచి తీసి చూసుకుని మళ్లీ పెట్టుకుంటారు, చేతులు జిగటవుతాయి, తల్లులు విసుక్కుంటారు. పుల్ల ఉంటే ఆ గొడవ లేదు. దాని పేరుచుట్టూ ఉన్న పువ్వు బొమ్మను 1969లో గీసింది చిత్రకారుడు సాల్వడార్ డాలీ.

కేక్ పాప్‌లో పుల్ల చేసే పనీ చేతులకు అంటకుండా కాపాడటమే. పుట్టినరోజు పండగలో ఇది చిన్న సౌకర్యం కాదు. కేకు కోసి కాగితపు పళ్లేల్లో పంచితే సగం తిని సగం నేలపాలు చేసే పిల్లలు పుల్ల చేతికిస్తే చివరిదాకా తింటారు.

ఇంతవరకూ పొడి, ఉండ, పూత, పుల్ల. ఈ కథ రాయలసీమలోని మన కలికిరి దాకా రావాలంటే అసలు కేకు రావాలి కదా. దాని ప్రయాణం ఇంకా పొడుగు. కేరళలోని తలశ్శేరిలో మంబళ్లి బాపు అనే బిస్కెట్ల వ్యాపారి 1883లో మర్డోక్ బ్రౌన్ అనే తోటల దొర తెచ్చి చూపిన క్రిస్మస్ కేకు చూసి తానూ చేసి మెప్పించాడని ప్రసిద్ధి. మన సీమ పల్లెలకు కేకు వచ్చిన దారి మాత్రం బెంగళూరు. హాసన్ ప్రాంతపు అయ్యంగార్లు అక్కడికి చేరి బేకరీలు పెట్టారు. 1898లో చిక్‌పేటలో హెచ్.ఎస్. తిరుమలాచార్ పెట్టినదాన్ని ఆ వరసలో మొదటిదిగా చెబుతారు. గుడ్డు ముట్టని ఇంటివాళ్లు కేకు వ్యాపారంలోకి దిగడంతో దక్షిణాది బేకరీకి ఒక ప్రత్యేకత వచ్చింది: గుడ్డు లేని కేకు అడిగితే వింతగా చూడరు. బెంగళూరు అయ్యంగార్ బేకరీ అన్న బోర్డు లేని పట్నం రాయలసీమలో అరుదు. మదనపల్లెనుంచి బెంగళూరు నాలుగు గంటల బస్సు ప్రయాణం లోపే. టమాటా లారీలు అటు పోతే బేకరీ అలవాట్లు ఇటు వచ్చాయి.

కలికిరికి పీలేరు ఒకవైపు, వాయల్పాడు ఇంకోవైపు. పాకాల నుంచి ధర్మవరం పోయే రైలు దారిలో ఒక స్టేషను. 2013లో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, 2014లో సైనిక్ స్కూలు వచ్చాక ఊరి స్వభావం కొంత మారింది. హాస్టళ్లున్నచోట అర్ధరాత్రి పన్నెండుకు పుట్టినరోజు కేకు కోయడం తప్పదు కదా. కోసిన కేకులో మూడోవంతు ముఖాలకే పోతుంది. అది ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఆ ఆవిష్కరణ కథ రాయమంటే మాత్రం నేను రాయను.

ఇంట్లో కేకు చేయడం ఇంకో సంగతి. మన వంటిళ్లలో ఓవెన్ ఉండేది కాదు. ఇప్పటికీ చాలా ఇళ్లలో లేదు. ఆ లోటు తీర్చింది ప్రెషర్ కుక్కర్. మన దేశంలో హాకిన్స్, ప్రెస్టీజ్ కుక్కర్లు రెండూ 1959లోనే మొదలయ్యాయి. అన్నం, పప్పు కోసం కొన్న పాత్రలో అడుగున ఇసుకో ఉప్పో పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, పొడి వేడిమీద కేకు కాల్చడం మన ఆడవాళ్లు సొంతంగా పట్టుకున్న కిటుకు. కుక్కర్ కంపెనీ దీనికోసం ఆ పాత్ర తయారుచేయలేదు. ఇసుక వేడిని నిదానంగా, నలుమూలలా ఒకేలా పంచుతుంది కాబట్టి అడుగు మాడదు. బొరుగులు వేయించే బట్టీల్లో ఇసుక వాడే ప్రాంతంలో ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. నా సలహా మాత్రం మంచి కుక్కర్ మీద ఈ ప్రయోగం వద్దని. నీళ్లు లేకుండా గంటసేపు కాగితే అడుగు దెబ్బతింటుంది. అటకమీది మందపాటి పాత అల్యూమినియం దబర, దానిమీద బరువైన మూత చాలు.

గుడ్డు లేకుండా కేకు పొంగడం వెనక కూడా ఒక కథ ఉంది. బర్మింగ్‌హామ్‌లో మందుల దుకాణం నడిపిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ భార్యకు గుడ్డు పడదు, ఈస్టూ పడదు. ఆయన ఆమె కోసం 1837లో గుడ్డు లేని కస్టర్డ్ పొడి, 1843లో ఈస్టు అక్కర్లేని బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. భార్య కోసం చేసిన ఆ రెండు పొడులూ ఈరోజు మన కిరాణా కొట్లలో పక్కపక్కన దొరుకుతాయి. పెరుగులోని పులుపు, వంటసోడా కలిస్తే బొగ్గుపులుసు వాయువు బుడగలు వస్తాయి, పిండి పొంగుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి బేకరీలు మూతపడ్డప్పుడు, ఇంట్లో పిల్లల పుట్టినరోజులు మాత్రం ఆగలేదు. అప్పుడు బిస్కెట్ ప్యాకెట్లు పొడిచేసి పాలు కలిపి, బేకింగ్ పౌడర్ దొరక్కపోతే ఈనో ప్యాకెట్ చింపి పోసి, కుక్కర్లో కేకులు కాల్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. కడుపుబ్బరం మందుతో కేకు పొంగించడం అనేది ఆ కష్టకాలం మనకిచ్చిన విచిత్రాల్లో ఒకటి. పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. ఈనోలో సోడా, పులుపు రెండూ ముందే ఉన్నాయి.

ఆ నెలల్లో చేయి తిరిగినవాళ్లకు తర్వాతి మెట్టుగా కేక్ పాప్ ఎదురైంది. వీడియోలు చూసి మొదలుపెట్టారు. వీడియోలు చల్లటి దేశాల్లో తీసినవి. మన ఊళ్లో అవి ఎందుకు కుదరవో చెప్పాలంటే చాక్లెట్ గురించి కొంచెం ఆగి మాట్లాడాలి.

అసలైన చాక్లెట్‌లో ఉండేది కోకో వెన్న. అది దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోటి వేడి అంతకన్నా కొంచెం ఎక్కువ, అందుకే నాలుకమీద పెట్టగానే జారిపోతుంది. ఐరోపా వంటింటికి అది వరం. మే నెలలో కలికిరి రేకుల ఇంట్లో మధ్యాహ్నం పూట గాలే అంతకన్నా వేడిగా ఉంటుంది, కాబట్టి చాక్లెట్ నోటిదాకా రాకుండానే కరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. కోకో వెన్నను కరిగించి ఊరికే ఆరబెడితే మెరుపు రాదు, తెల్లటి చారలు పడతాయి, చేత్తో పట్టుకుంటే అంటుతుంది. నల్ల చాక్లెట్‌ను 45 డిగ్రీల దాకా కరిగించి, 27 దాకా చల్లార్చి, మళ్లీ 31, 32కు తెస్తే తప్ప టప్‌మని విరిగే గట్టి పూత రాదు. థర్మామీటరు, చల్లటి గది, ఓపిక మూడూ కావాలి. మూడోది ఉన్నవాళ్లకు కూడా మొదటి రెండూ ఉండవు.

అందుకే మన ఇంటి బేకర్లంతా కాంపౌండ్ అనేదాన్ని నమ్ముకున్నారు. కోకో వెన్న తీసేసి, దాని బదులు గట్టిపడే నూనెకొవ్వు వేసి చేసిన పలక అది. కరిగించి ముంచితే చాలు, ఈ డిగ్రీల గొడవ లేకుండా ఆరిపోతుంది, ధరా తక్కువ. రుచి తెలిసినవాళ్లు నాలుకమీద కొవ్వు మిగిలిపోతుందని మొహం చిట్లిస్తారు. ఆ మాట నిజమే. అయినా ఎండల్లో కేక్ పాప్ నిలబడేది దానివల్లే. నన్నడిగితే చలికాలంలో మంచి చాక్లెట్ వాడి, ఎండాకాలంలో కాంపౌండ్‌తో సరిపెట్టుకోవడం న్యాయం. మన ఆంధ్రప్రదేశే దేశంలో కోకో పంటకు ముందుంది. పశ్చిమ గోదావరి కొబ్బరి తోటల నీడలో పండిన గింజలతో హైదరాబాదులో 2023లో మొదలైన ‘మనం చాక్లెట్’ లాంటి దుకాణాలు మేలైన సరుకు చేస్తున్నప్పుడు, ఏడాదంతా కొవ్వు పలకలే కొంటూ ఉండటం నాకైతే చిన్నతనంగా తోస్తుంది.

ఇక చేసే పద్ధతి. కప్పున్నర మైదా, కప్పు పెరుగు, ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నూనె, ఒకటింపావు చెంచా బేకింగ్ పౌడర్, అర చెంచా వంటసోడా, కాస్త వెనీలా. పెరుగులో చక్కెర కరిగేదాకా గిలక్కొట్టి, పొడులు కలిపితే నురగ వస్తుంది, తర్వాత వెనీలా, నూనె, మైదా. ముందే పది నిమిషాలు వేడెక్కిన దబరలో సన్న సెగమీద ముప్పావు గంట. పుల్ల గుచ్చితే పొడిగా బయటికి రావాలి. పూర్తిగా చల్లారాకే నలపాలి. వేడి కేకును నలిపితే ముద్దయి బంకసాగుతుంది. పైన గట్టిపడ్డ పెచ్చులు, అడుగున మాడినవి తీసేయండి, అవి ఉండలో పలుకుల్లా తగులుతాయి.

క్రీము కలపడం దగ్గరే చాలామంది తప్పుతారు. చెంచా చెంచాగా వేయాలి. పిడికిట్లో బిగిస్తే ముద్ద నిలవాలి, విరిస్తే రెండుగా విడిపోవాలి, చేతికి జిడ్డు తగలకూడదు. క్రీము ఎక్కువైతే ఉండ బరువెక్కి పుల్లమీదినుంచి జారుతుంది, తక్కువైతే పూతలో పొడి రాలుతుంది. క్రీము బదులు పాలకోవానో చిక్కటి తీపి పాలో వేసినా కుదురుతుంది. తీపి పాలూ కోకో కలిపి కట్టిన ఉండలు బ్రెజిల్‌లో ఇంటింటి మిఠాయి. 1945 ఎన్నికల్లో నిలబడ్డ బ్రిగేడియర్ ఎడ్వర్డో గోమెస్ పేరుమీద వాటిని బ్రిగడేరో అంటారు. ఆయన ఓడిపోయాడు, మిఠాయి గెలిచింది. సంగటి ముద్ద తిప్పడం అలవాటున్న చిత్తూరు చేతులకు ఉండ కట్టడం నేర్పడం అనవసరం. పెద్ద నిమ్మకాయకన్నా చిన్నగా కట్టండి, అంతే.

ఉండల్ని ఫ్రిజ్‌లో రెండు గంటలుంచాలి. పుల్ల కొసను కరిగిన చాక్లెట్‌లో అద్ది, ఉండలో సగం మించకుండా గుచ్చాలి. ఆ చుక్క గట్టిపడి జిగురులా పట్టుకుంటుంది. చాక్లెట్‌ను మరిగే నీళ్ల గిన్నెమీద ఇంకో గిన్నె పెట్టి కరిగిస్తాం కదా, ఆవిరి చుక్క ఒక్కటి లోపల పడినా మొత్తం గడ్డలు కడుతుంది. తడి గరిటె పెట్టినా అంతే. చిక్కగా ఉందని నీళ్లో పాలో పోయకండి, చెంచా వాసన లేని నూనె వేయండి. లోతైన గ్లాసులోకి వంచుకుని, ఉండను ఒక్కసారి నిలువుగా ముంచి పైకి తీయాలి. తిప్పి తిప్పి కలిపితే పుల్ల ఊడుతుంది. మిగులు చాక్లెట్ కారిపోవడానికి మణికట్టుమీద మెల్లగా తట్టాలి.

ఆరాక పూత పగిలితే? ఫ్రీజరులోంచి తీసిన ఉండను వెంటనే ముంచారన్నమాట. చల్లటి ఉండమీద పూత చటుక్కున బిగుసుకుంటుంది, లోపలి ఉండ గది వేడికి నెమ్మదిగా వ్యాకోచిస్తుంది, పట్టలేక పూత చీలుతుంది. ఐదు నిమిషాలు బయట ఉంచి ముంచితే ఆ బాధ తప్పుతుంది.

పైన చల్లడానికి బజారు స్ప్రింకిల్స్ కోసం మదనపల్లె పరుగెత్తక్కర్లేదు. భోజనం తర్వాత నోట్లో వేసుకునే రంగు సోంపు ఉంది. వేయించి కచ్చాపచ్చాగా దంచిన చెనక్కాయ పలుకులున్నాయి, నువ్వులున్నాయి. టూటీ ఫ్రూటీ అనేది పచ్చి బొప్పాయే, చక్కెర పాకంలో ఊరినది. చిత్తూరు బెల్లంతో చేసిన చెనక్కాయ చిక్కీని దంచి చల్లితే ఏ అమెరికా పూతా దాని ముందు నిలవదని నా నమ్మకం. పూత తడిగా ఉన్న అర నిమిషంలోనే చల్లాలి, తర్వాత అంటదు.

ముంచిన పాప్‌లు ఆరేదాకా నిలబెట్టడానికి ఆ వీడియోల్లో తెల్లటి థర్మోకోల్ దిమ్మ వాడతారు. మన దేశంలో 2022 జులై 1 నుంచి అలంకరణ థర్మోకోల్‌నూ, మిఠాయిలకు వాడే ప్లాస్టిక్ పుల్లలనూ కూడా నిషేధించారు. సగానికి కోసి బోర్లించిన కర్బూజానో, గిన్నెలో బియ్యం పోసో గుచ్చండి. కాగితపు పుల్లలు లేదా నున్నటి వెదురు పుల్లలు వాడండి. వెదురుదైతే సూది మొన తుంచేయడం మరిచిపోవద్దు, తినేది పిల్లలు. మూడేళ్ల లోపువాళ్లకు పుల్ల తీసి ఉండను చిదిమి ఇవ్వడమే మేలు. అమ్మకానికి చేసేవాళ్లయితే ఎంత చిన్న వ్యాపారమైనా ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను చేయించుకోవాలి.

ఇంత చెప్పాక ఒక మాట. కేకు కాల్చి మరీ నలపడానికి మనసు ఒప్పకపోతే నలపవద్దు. డిసెంబరు 31న బేకరీల ముందు షామియానాలు వేసి గుట్టలుగా కేకులు అమ్ముతారు. అర్ధరాత్రి కోసినది మర్నాటికి సగం మిగిలిపోయి ఫ్రిజ్‌లో అంచులు ఎండుతూ ఉంటుంది. అప్పటి చలిలో చాక్లెట్ కూడా మాట వింటుంది. కూల్ కేకైతే క్రీము దాంట్లోనే ఉంది కాబట్టి వేరే కలపకుండా జనవరి 1 సాయంత్రమే ఉండలు కట్టేయండి, ఫ్రిజ్‌లోనే ఉంచి రెండు రోజుల్లో తినేయండి. ప్లం కేకైతే ఇంకో రెండు రోజులు ఆగుతుంది. ముఖాలకు పూసింది మాత్రం కలపకండి.